టీబీ మందులకు తగ్గని దమ్ము, కంకర మిషన్ పని, ఎవరూ రాయని జబ్బుల లెక్క

తమ్ముడూ, మీరు రాసిన దాంట్లో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి మీ నాయన గురించి. దేవరకొండ దగ్గర కంకర మిషన్‌లో పద్నాలుగేళ్లు పనిచేశాడు, టీబీ అని చెప్పి రెండుసార్లు మందుల కోర్సు పూర్తి చేయించారు, తెమడ పరీక్షలో మాత్రం ఎప్పుడూ ఏమీ తేలలేదు, ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దమ్ము వస్తోంది, ఇది ఆ పని వల్ల వచ్చిందేనా అని. రెండోది, పని వల్ల జబ్బుపడేవాళ్లు నిజంగా ఎక్కువమందే ఉంటే మన దగ్గర ఆ మాట ఎందుకు వినపడదు, అసలు ఎంతమంది ఉంటారు అని. నేను ఛాతీ డాక్టర్‌ని. నల్లగొండ, పాలమూరు వైపే చాలా ఏళ్లుగా పనిచేస్తున్నా, ఫ్యాక్టరీ డాక్టర్ల కోసం ఉండే పారిశ్రామిక ఆరోగ్యం కోర్సు కూడా చేశా. రెండింటికీ జవాబు చెప్తాను. కాస్త పొడుగే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు మీ నాయన సంగతి. ఎక్స్‌రే చూడకుండా జబ్బు పేరు ఖాయం చేయకూడదు. కానీ రాతి దుమ్ములో పద్నాలుగేళ్లు పని, తెమడలో టీబీ క్రిమి కనపడకపోవడం, రెండు కోర్సులు వాడినా దమ్ము తగ్గకపోవడం, ఇవి కలిసినప్పుడు ఏ డాక్టరైనా ముందుగా అనుమానించాల్సింది సిలికోసిస్‌ని, అంటే రాతి దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బుని. మన రెండు జిల్లాల నేల కింద ఉన్నది చాలావరకు గ్రానైటే. అందులో సుమారు పావు వంతు నుంచి మూడో వంతు దాకా పలుగు ఉంటుంది, అదే సిలికా. బండను నలిపినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనిపించేది ముక్కులోనో గొంతులోనో ఆగి, తుమ్మితే దగ్గితే బయటికి వచ్చేస్తుంది. అసలు ప్రమాదం కంటికి ఆనని సన్నటి దుమ్ముతో. అది ఊపిరితిత్తుల చివరిదాకా పోయి అక్కడే ఉండిపోతుంది, దాని చుట్టూ ఊపిరితిత్తి గట్టిపడి చిన్న చిన్న గడ్డలు కడుతుంది, పని మానేశాక కూడా ఆ గట్టిపడటం ముందుకు సాగుతూనే ఉండొచ్చు. మామూలు కంకర దుమ్ములో ఇది బయటపడటానికి పదేళ్లు, ఇరవై ఏళ్లు పడుతుంది. పలుగురాయిని పిండిలా ఆడించే మిల్లుల్లో అయితే కొందరు రెండు మూడేళ్లకే మంచం పడతారు. షాద్‌నగర్ పక్కన ఎల్కట్ట ఊరి పేరు మీరు వినే ఉంటారు, అప్పట్లో అది మహబూబ్‌నగర్ జిల్లానే. పలుగురాళ్ల పొడి ఫ్యాక్టరీలో పనిచేసిన వయసు మగవాళ్లు ఆ ఊళ్లో ఒకరి తర్వాత ఒకరు చనిపోయారు.

ఎక్స్‌రేలో ఈ జబ్బు ఎక్కువగా ఊపిరితిత్తుల పైభాగంలో చిన్న చిన్న చుక్కల్లా కనపడుతుంది. టీబీ కూడా చాలాసార్లు అక్కడే కనపడుతుంది. రోజూ టీబీ కేసులు చూసే మన ఆస్పత్రుల్లో ఆ ఫిల్మ్ చూడగానే టీబీ అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఏం పని చేస్తావు అని ఒక్క మాట అడిగితే దారి వేరేగా ఉండేది. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది, దీన్ని బాగా గుర్తుపెట్టుకోండి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే మూడు రెట్లు, అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది, ఎందుకంటే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోని రక్షణ కణాలనే చంపేస్తుంది. కాబట్టి మీ నాయనకు టీబీ లేదు అని నేను అనడం లేదు. రెండూ ఉండొచ్చు. అలా రెండూ ఉన్నవాళ్లకు టీబీ మందులు మామూలు ఆరు నెలల కంటే ఎక్కువ కాలం ఇవ్వాల్సి వస్తుంది. నా జవాబు చదివి ఏ మందూ మీ అంతట మీరు ఆపకండి. తెమడకు సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ, అంటే అందులో టీబీ క్రిమి ఉందా అని మిషన్‌తో చూసే పరీక్ష, చేయించారో లేదో కనుక్కోండి, ప్రభుత్వ ఆస్పత్రుల్లో అది ఉచితం.

మీ బంధువులు "బీడీలు తాగాడు కదా, అందుకే" అంటున్నారని రాశారు. ఈ మాట నాకు వారంలో చాలాసార్లు వినపడుతుంది, ఇంటివాళ్ల నోటి నుంచే కాదు, డాక్టర్ల నోటి నుంచి కూడా. బీడీ చెడ్డదే, మీ నాయన ఇవాళే మానాలి. కానీ బీడీ తాగినంత మాత్రాన సిలికోసిస్ రాదు. సీఓపీడీ అని ఒక దమ్ము జబ్బు ఉంది, అది పొగ వల్లే వస్తుందని అందరూ అనుకుంటారు. అమెరికా, యూరప్ ఛాతీ డాక్టర్ల సంఘాలు 2019లో ప్రపంచమంతటి అధ్యయనాలు కలిపి చూస్తే, మొత్తం సీఓపీడీలో సుమారు 14 శాతం పని చేసే చోటి దుమ్ము, పొగ, ఆవిర్ల వల్ల వచ్చిందని తేలింది. ఎప్పుడూ పొగ తాగనివాళ్లను మాత్రమే తీసుకుంటే అది 31 శాతం. పెద్దవాళ్లలో వచ్చే ఆస్తమాలో 16 శాతం పని వల్ల. అంటే మీ ఊరి ఆర్‌ఎంపీ దగ్గర దమ్ముకు పఫ్ రాయించుకుంటున్న వాళ్లలో ప్రతి ఆరేడుగురిలో ఒకరి జబ్బు వెనక ఏదో ఒక పని ఉండే అవకాశం ఉంది. ఆ పని పేరు చీటీ మీద ఉండదు.

ఇక మీ రెండో ప్రశ్న. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం పని కారణంగా ప్రపంచంలో ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతున్నారు. అందులో ప్రమాదాల వల్ల చనిపోయేవాళ్లు 3 లక్షల 30 వేలు. మిగతా 26 లక్షలు జబ్బులు. ఇంకోసారి చూడండి ఈ అంకెను. పనిలో పడిపోయో, మిషన్‌లో చెయ్యి పడో, పేలుడులోనో చనిపోయే ఒక్కొక్కరికి, జబ్బుతో చనిపోయేవాళ్లు దాదాపు ఎనిమిది మంది. కానీ మన పేపర్లలో, టీవీల్లో పని వల్ల చావు అంటే మొదటి రకమే కనపడుతుంది. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోతే రాష్ట్రమంతా రోజుల తరబడి చూసింది, చూడాల్సిందే కూడా. కానీ అలాంటి సొరంగాల్లో బండ తొలిచి, దుమ్ము పీల్చి, పదేళ్ల తర్వాత ఇంట్లో మంచం మీద ఊపిరాడక పోయినవాళ్ల పేర్లు ఏ పేపర్‌లోనూ రావు, ఎందుకంటే వాళ్ల చావు ఒక తేదీన ఒక చోట జరిగినది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ, కార్మిక సంస్థ కలిసి 2021లో ఇంకో లెక్క వేశాయి. అది 2016 సంవత్సరానికి సంబంధించింది, కొన్ని కారణాలను మాత్రమే తీసుకున్నారు కాబట్టి మొత్తం 19 లక్షల చావుల దగ్గర ఆగింది. అందులో నన్ను ఆలోచనలో పడేసింది ఏంటంటే, అన్నిటికంటే పెద్ద కారణం దుమ్మూ కాదు, రసాయనాలూ కాదు. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేయడం. దాని ఖాతాలోనే 7 లక్షల 50 వేల చావులు, గుండెజబ్బు, పక్షవాతం రూపంలో. వారానికి 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు దాటినవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ. ఇప్పుడు చౌటుప్పల్, పోలేపల్లి వైపు కంపెనీల్లో పన్నెండు గంటల షిఫ్టు వారానికి ఆరు రోజులు చేసే కుర్రవాళ్లను తలచుకోండి. అది 72 గంటలు, బస్సులో పోయొచ్చే టైమ్ కలపకుండానే. నలభై ఐదేళ్లకు వాళ్లలో ఒకరికి మూతి వంకర పోతే, బీపీ ఉంది, మాత్ర సరిగా వేసుకోలేదు, టెన్షన్ ఎక్కువ అంటారు. షిఫ్టు గురించి ఎవరూ రాయరు.

ఈ లెక్కలు ఎలా వేస్తారో కూడా చెప్పాలి, లేకపోతే గాలిలో నుంచి తీశారని అనుకుంటారు. ఒక్కో మనిషిని పట్టుకుని నీ జబ్బు పని వల్లనా అని అడిగి లెక్కపెట్టినవి కావు ఇవి. ఎంతమంది ఏ దుమ్ములో, ఎన్ని గంటల పనిలో ఉన్నారో సర్వేల నుంచి తీసుకుంటారు. ఆ దుమ్ము వల్ల జబ్బు ముప్పు ఎన్ని రెట్లు పెరుగుతుందో ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల నుంచి తీసుకుంటారు. ఆ రెండింటి నుంచి మొత్తం జబ్బులో పని వాటా ఎంతో లెక్క కడతారు. కాబట్టి ఇది అంచనాయే, కానీ గుడ్డి అంచనా కాదు. మన దేశానికి సంబంధించి 1999లో వచ్చిన ఒక అంచనా ఇప్పటికీ చాలామంది చెప్తుంటారు: ఏటా కొత్తగా 9 లక్షల నుంచి 19 లక్షల దాకా పని వల్ల వచ్చే జబ్బులు, లక్షా 21 వేల చావులు. అది పాతికేళ్ల కిందటిది. అదే ఏడాది ఐసీఎంఆర్, అంటే భారత వైద్య పరిశోధన మండలి నివేదిక సిలికా దుమ్ము ముప్పు ఎక్కువగా ఉన్న పనుల్లో 30 లక్షల మంది ఉన్నారని చెప్పింది. ఆ తర్వాత మన దగ్గర ఎన్ని రోడ్లు, ఎన్ని ప్రాజెక్టులు, ఎన్ని వెంచర్లు వచ్చాయో, వాటన్నిటికీ కంకర ఎక్కడ నుంచి వచ్చిందో మీకే తెలుసు.

ఇంత ఉంటే ప్రభుత్వ రికార్డుల్లో ఎంత ఉండాలి? చాలా ఉండాలి. కానీ ఫ్యాక్టరీల శాఖకు అందే వృత్తి జబ్బుల రిపోర్టులు ఈ అంచనాల పక్కన పెడితే ఏమీ లేనట్టే. చట్టం లేక కాదు. 1948 ఫ్యాక్టరీల చట్టం 89వ సెక్షన్ ప్రకారం, మూడో షెడ్యూల్‌లో ఉన్న జబ్బు ఏ కార్మికుడికి వచ్చినా ఫ్యాక్టరీ మేనేజర్ తెలియజేయాల్సి ఉండేది, చూసిన డాక్టర్ కూడా చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాసి పంపాల్సి ఉండేది. షెడ్యూల్‌లో 29 జబ్బులున్నాయి, సిలికోసిస్ అందులో ఉంది. ఈ చట్టం స్థానంలో తెచ్చిన 2020 వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లోనూ ఆ బాధ్యత ఉంది. మా వాళ్లలో ఎంతమందికి ఈ సెక్షన్ తెలుసని అడిగితే నాకు బాధేస్తుంది. ఎంబీబీఎస్‌లో దీన్ని ఒకటి రెండు క్లాసుల్లో దాటేస్తారు, ఓపీలో మనిషికి మూడు నిమిషాలు దొరకదు, ఎవరైనా డాక్టర్ రాస్తే రేపు కోర్టుకు రమ్మంటారేమోనని భయం. ఓపీ చీటీ మీద పేరు, వయసు, ఊరు ఉంటాయి. పని అనే గడి చాలా చోట్ల ఉండదు, ఉన్నా "కూలి" అని రాసి వదిలేస్తారు. కూలి అంటే ఏ కూలి? పత్తి ఏరడమా, సిమెంట్ మూటలు మోయడమా, డ్రిల్లింగా? 1700లో ఇటలీలో రామజ్జిని అనే డాక్టర్, రోగిని అడిగే ప్రశ్నల్లో నువ్వేం పని చేస్తావు అన్నది కూడా చేర్చాలి అని తోటి డాక్టర్లకు చెప్పాడు. మూడు వందల ఏళ్లు దాటింది. మన ఓపీల్లో ఇంకా అడగడం లేదు, నేను నిజంగా కోపంతోనే ఈ మాట రాస్తున్నా.

రెండో కారణం చట్టం ఆగిపోయే చోటు. పాత చట్టంలో పదిమంది కంటే తక్కువ ఉన్న మిషన్ ఫ్యాక్టరీ కిందికే వచ్చేది కాదు, కొత్త కోడ్‌లో ఆ గీత ఇంకా పైకి, ఇరవైకి జరిపారు. పదిహేనుమంది పనిచేసినా రిజిస్టర్‌లో ఆరుగురి పేర్లే రాసే యజమానులున్నారు. మన దేశంలో పనిచేసేవాళ్లలో పది మందికి తొమ్మిదిమంది ఇలా ఏ రిజిస్టర్‌లోనూ సరిగా లేనివాళ్లే.

మూడోది వలస. ఇది పాలమూరు వాళ్లకు విడమరచి చెప్పనక్కర్లేదు. దేశంలో ఏ డ్యామ్ దగ్గరికి, ఏ కాలువ దగ్గరికి పోయినా పాలమూరు లేబర్ ఉండేవాళ్లు, గుంపు మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి తోలుకుపోయేవాడు. బండ పగలగొట్టింది ఇంకో రాష్ట్రంలో, దగ్గు మొదలైంది అచ్చంపేటలో, చనిపోయింది ఇంట్లో. ఆ రాష్ట్రం లెక్కలో అతను ఆరోగ్యంగా పని ముగించుకుని వెళ్లిన మనిషి. మన రాష్ట్రం లెక్కలో అతను టీబీ రోగి, లేదంటే వట్టి ముసలితనం. గుజరాత్‌లోని గోధ్రా వైపు పలుగురాళ్ల ఫ్యాక్టరీల్లో పనిచేసి చనిపోయిన మధ్యప్రదేశ్ గిరిజనుల విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. ఊళ్లకు తిరిగొచ్చి చనిపోయారు. జాతీయ మానవ హక్కుల కమిషన్, సుప్రీంకోర్టు దాకా పోయి కొట్లాడితే చివరికి 2016లో 238 మంది కుటుంబాలకు 3 లక్షల చొప్పున ఇవ్వమని గుజరాత్ ప్రభుత్వాన్ని కోర్టు ఆదేశించింది. ఆ 238 పేర్లు ఎలా వచ్చాయో ఆలోచించండి. ఏ శాఖా తనంతట తాను రాయలేదు. ఊరూరా తిరిగి, ఎవరు ఎక్కడ ఎన్ని నెలలు పనిచేశారో కొందరు కూర్చుని రాసుకున్నారు కాబట్టి వచ్చాయి.

రాజస్థాన్ సంగతి కూడా చెప్పాలి. అక్కడ 2019లో సిలికోసిస్ కోసం ప్రత్యేకంగా ఒక విధానం తెచ్చారు. జబ్బు ఉందని మెడికల్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి ఇంకో 2 లక్షలు, పింఛను. అంతే, వేల సంఖ్యలో కేసులు బయటికొచ్చాయి. ఆ జబ్బు 2019లో కొత్తగా పుట్టలేదు, అడిగేవాళ్లు, రాసేవాళ్లు వచ్చారు. బండ పని ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ ఇలాంటిది ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

రాతి దుమ్ము గురించే చెప్తూ పోతే మిగతావాళ్లకు అన్యాయం చేసినట్టు. మన దగ్గర అన్నిటికంటే ఎక్కువమంది ఉన్నది పత్తి చేలల్లో, బత్తాయి తోటల్లో, వరిలో. ఆగస్టు, సెప్టెంబర్‌లో పత్తి మనిషి నడుము దాటి పెరిగాక తైవాన్ పంపు వీపుకు తగిలించుకుని మందు కొట్టేవాళ్లకు సాయంత్రం తలనొప్పి, వాంతి, కళ్లు మసకబారడం, ఒళ్లు వణకడం మామూలు అనుకుంటారు. మామూలు కాదు, అది విషం ఎక్కడమే. తాగి చనిపోయినవాళ్లను పక్కనపెట్టినా, పని చేస్తూనే పురుగుమందు విషం ఎక్కే రైతులు, రైతు కూలీలు ప్రపంచంలో చాలామంది ఉంటారు. 2017లో మహారాష్ట్ర యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవైమందికి పైగా చనిపోయారు కాబట్టి అది వార్త అయింది. మిగతాది అంతా మజ్జిగ తాగి పడుకుంటే పోతుందిలే అనే ఖాతాలో పోతుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం, మందు ముక్కుతో కంటే చర్మంతో ఎక్కువ ఎక్కుతుంది. పంపు మూత కారి వీపు తడిసిందంటే గుడ్డతో తుడుచుకుని పని చేయొద్దు, అంగీ విప్పేసి సబ్బుతో కడుక్కోవాలి. నోట్లో నీళ్లూరడం, కంటిపాప చిన్నదవడం, కండరాలు అదరడం కనిపిస్తే ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్‌తో టైమ్ పోగొట్టకుండా పెద్దాస్పత్రికి, మందు డబ్బా కూడా వెంట పట్టుకుని. డబ్బా మీది పేరును బట్టే విరుగుడు.

జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లు ఒక మాట చెప్తారు, సెలవు రోజు పోయి మళ్లీ పనిలోకి వచ్చిన మొదటి రోజు గుండె పట్టేసినట్టు ఉంటుంది, రెండో రోజుకు కొంచెం నయం అని. పత్తి దుమ్ముతో వచ్చే బిసినోసిస్ లక్షణం సరిగ్గా అదే. ఇది పుస్తకంలో ఉంది, షెడ్యూల్‌లోనూ ఉంది. ఆ ఆడవాళ్ల చీటీల మీద మాత్రం "ఎలర్జీ" అని ఉంటుంది.

మిర్యాలగూడ హమాలీల నడుములు, మోకాళ్ల గురించి చెప్పాలంటే మన జిల్లాకు ఉన్న ఒక ఇబ్బంది అడ్డమొస్తుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు పాత తరం వాళ్ల కీళ్లు ఫ్లోరైడ్ నీళ్లతోనే గట్టిపడ్డాయి. ఇప్పుడు అక్కడి మనిషి మూటలు మోసి నడుము పోయిందని వస్తే, ఫ్లోరైడ్ ఎంత, మూట ఎంత అని విడదీయడం నిజంగా కష్టమే. కానీ ఆ కష్టాన్ని సాకుగా వాడుకుని మూటను పూర్తిగా వదిలేస్తారు. ఇంకో సంగతి, ఎండలో బరువు పని చేసేవాడు నీడలో కూర్చున్నవాడి కంటే రెట్టింపు నీళ్లు తాగుతాడు, అవి బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ కూడా ఆ మేరకు ఎక్కువే పోతుంది. అంటే అక్కడ కూడా పని ఉంది. ఎండ గురించి వేరే చెప్పాలా, మే నెలలో నల్లగొండ 44, 45 డిగ్రీలకు పోతుంది. ఎండలో పనిచేస్తూ ఒళ్లు ఎండిపోయి మూత్రపిండాలు పాడైనవాళ్లు ప్రపంచంలో 2 కోట్ల 62 లక్షల మంది అని కార్మిక సంస్థ 2024లో చెప్పింది. మన ఇటుక బట్టీల్లో, ఉపాధి హామీ గుంతల దగ్గర పనిచేసి డయాలసిస్ దాకా వచ్చిన మనిషిని షుగర్ ఉందా, బీపీ ఉందా అని అడుగుతారు. రెండూ లేకపోతే కారణం తెలియదు అని రాస్తారు.

ఇంతా చదివి, పని అన్నాక ఇవి తప్పవు అనుకోకండి. దానికి మన దగ్గరే పెద్ద జవాబు ఉంది. పోచంపల్లి చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని వరసగా చుట్టాలంటే, ఆడవాళ్లు కొయ్య మేకుల చుట్టూ ఒక్కో చీరకు వేలసార్లు చెయ్యి ఆడించాలి, భుజాలు పోయేవి. తరతరాలుగా అది తప్పదనే అనుకున్నారు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు, 1999లో అది పనిచేయడం మొదలుపెట్టింది, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన నొప్పి బిళ్ల కనిపెట్టలేదు, మలాం కనిపెట్టలేదు. పని తీరు మార్చారు. కంకర మిషన్‌కూ అంతే. రాయి పడే చోట నీళ్ల జల్లు పెట్టడం, నలిగే భాగాన్ని, బెల్టును కప్పడం, దుమ్ము లాగే ఫ్యాన్ పెట్టడం, డ్రిల్లింగ్ తడిగా చేయడం, ఇవి రాకెట్ సైన్స్ కావు, అనుమతి ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసే షరతులే. మూతికి కట్టుకునే తువ్వాలు ఆ సన్నటి దుమ్మును ఆపదు. ఎన్95 మాస్క్ కొంత ఆపుతుంది, కానీ ఎండలో పది గంటలు దాన్ని పెట్టుకుని తట్ట మోయమనడం అయ్యే పని కాదు, మాస్క్ ఇచ్చాం కదా అని చేతులు దులుపుకునేవాళ్లను నమ్మకండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని నాయన పక్కన కూర్చోండి. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ మిషన్ దగ్గర, ఏ పని, రాయి వేయడమా, జల్లెడ దగ్గరా, డ్రిల్లింగా, రోజుకు ఎన్ని గంటలు, నీళ్లు చల్లేవాళ్లా లేదా, మేస్త్రీ ఎవరు, అంతా రాయండి. దానికి ముందు, తర్వాత చేసిన పనులు కూడా. కూలి డబ్బులు ఫోన్‌లో వచ్చినవి ఉంటే ఆ స్క్రీన్‌షాట్లు, మేస్త్రీ చిట్టా ఫోటో, మిషన్ దగ్గర దిగిన పాత ఫోటోలు ఏవైనా జాగ్రత్త చేయండి, రేపు ఆయన అక్కడ పనిచేయలేదు అని యజమాని అంటే ఇవే సాక్ష్యం. పాత ఎక్స్‌రేలు ఒక్కటి కూడా పారేయొద్దు, మొదటిదానికీ ఇప్పటిదానికీ తేడానే సగం జబ్బు చెప్తుంది.

ఆ కాగితం పట్టుకుని నల్లగొండ గానీ మహబూబ్‌నగర్ గానీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఛాతీ విభాగానికి పోండి, అక్కడ కుదరకపోతే హైదరాబాద్ ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి. కొత్త ఎక్స్‌రే, ఊపిరి ఊదే పరీక్ష అంటే స్పైరోమెట్రీ, అవసరమైతే సీటీ స్కాన్ చేస్తారు. డాక్టర్‌ను గౌరవంగానే, కానీ గట్టిగా అడగండి: సార్, పని వివరాలు కేస్ షీట్‌లో రాయండి, సిలికోసిస్ అనుమానం ఉంటే ఆ మాట కూడా రాయండి. సిలికోసిస్‌ను తగ్గించే మందు లేదు, మీకు ఎవరైనా ఊపిరితిత్తులు కడుగుతాం, మూలికలు ఇస్తాం అంటే డబ్బు పోగొట్టుకోకండి. దుమ్ముకు పూర్తిగా దూరంగా ఉండటం, టీబీని కనిపెట్టుకుని ఉండటం, ఫ్లూ, న్యుమోనియా టీకాలు, దమ్ముకు ఇన్‌హేలర్, ఆక్సిజన్ తగ్గితే ఇంట్లో ఆక్సిజన్, వీటితో మనిషి బతికే కాలం, బతికే తీరు మెరుగవుతాయి.

పరిహారం విషయం. ఈఎస్‌ఐ కార్డు ఉంటే, వృత్తి జబ్బు కింద ఈఎస్‌ఐ మెడికల్ బోర్డుకు అప్లై చేయండి. లేకపోతే ఉద్యోగుల పరిహార చట్టం ఉంది, 1923 నాటిది, ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిపారు. దాని షెడ్యూల్‌లోనూ సిలికోసిస్ ఉంది, కేసు జిల్లా కార్మిక శాఖ అధికారుల దగ్గర వేయాలి. గడువులుంటాయి, సర్టిఫికెట్ చేతికి రాగానే కదలండి. ఆయన పనిచేసింది క్వారీలో అయితే అది అప్పట్లో గనుల చట్టం కిందికి వచ్చేది, ఐదేళ్లకోసారి యజమాని ఖర్చుతో వైద్య పరీక్ష చేయించి ఉండాలి, ఆ కాగితాలు అడగండి. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉందో లేదో కూడా చూడండి, అరవై ఏళ్లు నిండకపోతే, ఏడాదిలో 90 రోజులు పని చేసి ఉంటే దానికి అర్హత ఉంటుంది.

ఇంకొక్కటి, ఇది మీ ఒక్క ఇంటి సంగతి కాదు కాబట్టి అడుగుతున్నా. ఆ మిషన్ దగ్గర మీ నాయనతో పాటు పనిచేసినవాళ్ల పేర్లు అదే నోట్‌బుక్‌లో రాయించండి, బతికున్నవాళ్లవీ, పోయినవాళ్లవీ. పోయినవాళ్ల వయసు, ఏ జబ్బు అన్నారు, టీబీ మందులు వాడారా అన్నది పక్కన. బతికున్నవాళ్లకు దగ్గు లేకపోయినా సరే ఎక్స్‌రే తీయించాలి, ఎందుకంటే ఈ జబ్బు మొదట్లో మనిషికి ఏమీ తెలియదు, అప్పుడే దుమ్ము నుంచి బయటికి తీస్తే లాభం ఎక్కువ. అందరూ ఒకే రోజు కలిసి పోతే ఆస్పత్రి వాళ్లకు కూడా ఇది ఒక మనిషి దగ్గు కాదని అర్థమవుతుంది, ఆ లిస్టు కాపీ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో, జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. మీ అమ్మ కూడా అదే మిషన్ దగ్గర తట్ట మోసిందా అన్నది మీరు రాయలేదు. మోసి ఉంటే ఆవిడ ఎక్స్‌రే కూడా అదే రోజు తీయించండి.